పుష్పలత మీ అమ్మాయేనాండీ

మా వీధిలో ఎవర్నయినా పుష్పలత ఇల్లెక్కడని అడగండి, తెలీదంటారు. షారోన్ అంటే మాత్రం పాకే పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఇద్దరూ నేనేనండీ. షారోన్ మా అమ్మ సారమ్మ చర్చిలో పెట్టించిన పేరు. బళ్ళో వేసేటప్పుడు ఆ పేరైతే కులం సర్టిఫికెట్టుకి ఇబ్బందని మాస్టారు పుష్పలత అని రాసేశారు. మా వాళ్ళలో చాలామందికి ఇలా రెండేసి పేర్లుంటాయి, ఒకటి పిలవడానికి, ఒకటి కాగితానికి. ఇందులో వింతేముంది అనుకునేదాన్ని, ఈ దేశం వచ్చేదాకా.

మాది కొల్లేట్లో ఒక లంక. సర్కారు వాళ్ళు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టేశాక పని లేక, ఒక్కదాన్నే విమానమెక్కి గల్ఫులో ఇంటిపనికొచ్చాను. వచ్చిన రోజే మేడమ్ నా పాస్‌పోర్టూ ఫోనూ బీరువాలో పెట్టి తాళం వేసింది. వంట, గిన్నెలు, పిల్లలు, అదయ్యాక వాళ్ళక్క ఇంట్లో మళ్ళీ వంట. ఎదురు చెబితే చెయ్యి చేసుకునేది. రెండున్నరేళ్ళు పడ్డాను. ఒకరోజు పొద్దున్నే చెత్త పారేసొస్తానని గేటు దాటి, అట్నుంచటే రోడ్డు పట్టాను. ఎంబసీ మెట్లెక్కేదాకా చెత్తసంచి చేతిలోనే ఉందంటే నా తెలివి చూడండి.

అప్పట్నుంచి ఎంబసీ వాళ్ళ షెల్టర్లోనే ఉంటున్నాను. పాస్‌పోర్టు లేనివాళ్ళని ఇంటికి పంపాలంటే, ఈ మనిషి మాదేనని ఊళ్ళో కన్నవాళ్ళు చెప్పాలి. చెబితే ఔట్‌పాస్ అని పాస్‌పోర్టుకి బదులు ఒక కాగితం ఇస్తారు, విమానమెక్కొచ్చు. ఫోను చేద్దామంటే అమ్మ నెంబరు నాకు నోటికి రాదు, అది బీరువాలో పడున్న ఫోన్లో ఉంది. రేషన్ కార్డులో చూస్తే అమ్మ ఒక్కతే ఉందంట. ఊరు దాటానని నన్ను తీసేశారు. ఇక ఎంబసీ ఉత్తరమే ఏలూరు కలెక్టరాఫీసుకి వెళ్ళింది. ఐదు నెలలకి జవాబొచ్చింది. ఆ చిరునామాలో పుష్పలత అనే మనిషెవరూ లేరని సారమ్మ చెప్పిందట, చెప్పి వేలిముద్ర కూడా వేసిందట.

ఒళ్ళు మండిపోయిందండీ నాకు. కన్నతల్లికి కూతురి బడి పేరు గుర్తుండదా?

నా పక్క మంచం మహమూదా అక్కది, వాళ్ళదీ మా ఏలూరు వైపే. "పెద్దావిడ మర్చిపోయుంటుంది, ఊరుకో పిల్లా" అంది. ఏం ఊరుకుంటాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని లోపలే కుమిలిపోయి, రెండు రోజులు అన్నం మానేసి అమ్మ మీద అలిగాను. అమ్మ లేనిచోట అలిగితే బతిమాలేదెవరు? మూడోరోజు నేనే వెళ్ళి కంచం తెచ్చుకున్నాను.

ఎంబసీలో రాజ్ కుమార్ గారని గుమస్తా ఉన్నారు, తాడేపల్లిగూడెం ఆయన. కాళ్ళావేళ్ళా పడితే, ఫోన్లో విచారణ చెయ్యడానికి పైవాళ్ళని ఒప్పించారు. మా ఊరి సచివాలయంలో కొత్తగా వచ్చిన రమ్యశ్రీ అనే అమ్మాయి మా ఇంటికెళ్ళి స్పీకరు పెట్టి ఫోను పట్టుకుంటుంది. ఈయన అడుగుతారు, అమ్మ చెబుతుంది, అంతా రికార్డవుతుంది.

"చూడండమ్మా, పాస్‌పోర్టులో ఉన్న పేరే నేనడగాలి, షారోన్ అనకూడదు" అన్నారు. "మీరు పక్కన కూర్చుని వినండి గానీ నోరు విప్పకండి. విప్పితే మీరు చెప్పించినట్టు లెక్క. విచారణ కొట్టేస్తారు, మళ్ళీ మొదట్నుంచి ఉత్తరాలే."

"ఇద్దరూ ఒకటేనని మీకు తెలుసు కదండీ."

"నాకు తెలుసమ్మా. కాగితానికి తెలియాలి కదండీ."

ఫోను కలిసింది. ముందు పడవ ఇంజను చప్పుడు, ఆ వెనకాలే అమ్మ దగ్గు. ఇన్నాళ్ళకి ఆ దగ్గు వినేసరికి అమ్మా అనబోయి ఆగాను. చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

"సారమ్మ గారండీ, పుష్పలత మీ అమ్మాయేనాండీ?"

"కాదండీ."

క్షణం కూడా ఆలోచించలేదు. అప్పుడు తెలిసింది నాకు, అమ్మ మర్చిపోలేదని. మర్చిపోయినవాళ్ళయితే ఎవరండీ అని అడుగుతారు.

"మరోసారి అడుగుతున్నానండీ. బాగా ఆలోచించుకుని చెప్పండి."

"ఎన్నిసార్లడిగినా కాదనే చెబుతాను బాబూ. కాగితం పేరుతో మీరెందుకడుగుతారో నాకు తెలుసు. పోయినేడు మా ఎదురింటి ఏస్తేరమ్మనీ ఇలాగే అడిగారు, నాగమణి మీ అమ్మాయేనా అని. దాన్ని మేమంతా గ్రేసు అనేవాళ్ళం. పిచ్చిముండ, అవునండీ అంది. పదో రోజుకి దుబాయి నుంచి దాని శవం పెట్టెలో దిగింది. నేను అవుననను. అవునంటేనే కదా మీరు పెట్టె పంపేది."

"పెట్టె సంగతి కాదండీ ఇది."

"ఏస్తేరమ్మకీ అలాగే చెప్పారండీ."

ఆ తర్వాత ఏడుపే. నలుగురికీ వినపడకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చే ఏడుపు ఉంటుంది చూడండి, అది. ఇన్నాళ్ళుగా ఆ ఒక్క ముక్కతో మా అమ్మ నా ప్రాణానికి కాపలా కాస్తోంది. నేనేమో ఇక్కడ ఆవిడ మీద అలిగి కూర్చున్నాను. సిగ్గేసింది నాకు.

ఓపిక పట్టమని రాజ్ కుమార్ గారు చేత్తో సైగ చేశారు. ఇంకోసారి అడుగుతారన్నమాట. నేను గమ్మునుంటే, ఏమో, మూడోసారికి అమ్మ నోట అవునని వస్తుందేమో. వస్తే నెలాఖరుకి ఇంట్లో ఉంటాను. ఇదంతా నాకు తెలుసండీ. కానీ అక్కడ నేను చచ్చిపోయాననుకుని మా అమ్మ ఏడుస్తుంటే, నేనిక్కడ కుర్చీలో కూర్చుని వినడమేంటి? నావల్ల కాలేదు.

"అమ్మా, నేనమ్మా, షారోన్ని. బతికే ఉన్నానమ్మా."

ఫోను ఎక్కడో పడ్డట్టు చప్పుడైంది. "అయ్యో, చూసుకోండి మామ్మగారూ" అని రమ్యశ్రీ గొంతు. తర్వాత అమ్మ, బాగా దగ్గరగా.

"నువ్వేనా తల్లీ?"

"నేనేనమ్మా."

రాజ్ కుమార్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన తప్పేం లేదు, ముందే చెప్పారు. రికార్డు ఆపేసి, ఫారం మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టేశారు.

"అవునండీ" అంటోంది అమ్మ ఫోన్లో. "పుష్పలత నా కూతురేనండీ. నా కడుపున పుట్టిందేనండీ. ఇప్పుడడగండి బాబూ, ఎన్నిసార్లు చెప్పమంటే అన్నిసార్లు చెబుతాను, అడగండి."