గుండెపోటు కాదు

మా జాన్ పాల్ పోయిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే చెప్పులేసుకోవాలనిపిస్తుంది. చెప్పులేసుకున్నానంటే ఇక గుణదల వీధులన్నీ నావే. వాడి కాలేజీకి వెళ్లాను. మందుల షాపుల మీద అజమాయిషీ చేసే ఆఫీసుకు వెళ్లాను. ఫాదర్ గారి దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. అందరూ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. బిడ్డ పోయినదానికి మంచినీళ్లిస్తే చాలని ఈ ఊళ్లో అందరూ కూడబలుక్కున్నట్టున్నారు.

వాడికి పంతొమ్మిదేళ్లు. బండి మీద నుంచి పడితే మోకాలు దెబ్బతింది. నొప్పికని మొదలుపెట్టిన మాత్రలు నొప్పి తగ్గాక కూడా మానలేదు. ఒక పొద్దున లేపితే లేవలేదు. "ఇది నల్లమందు జాతి మందమ్మా. కాన్సర్ పేషెంట్లకిస్తాం. ఎక్కువైతే నిద్రలోనే ఊపిరాగిపోద్ది," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు.

ఆ మాట విన్నది నేనూ, మా ఆయన యేసుకుమారూ ఇద్దరమే. ఆయన వరండాలోకి వచ్చి, అక్కడ నిలబడ్డ చుట్టాలతో "గుండెపోటు" అన్నారు. పేటంతా అదే పాకింది. మీసం సరిగ్గా రాని పిల్లాడికి గుండెపోటేమిటని అడిగినవాడు లేడు. అందరూ తలకాయలూపారు. నేను అప్పుడే నోరు తెరవాల్సింది గానీ, ఆ రోజు నాకు నోరున్న సంగతే గుర్తు లేదు.

ఆదివారం వాడి జ్ఞాపకార్థం చర్చిలో ఫాదర్ గారి పూజ. మా పేటలో పుట్టినా ఫ్లెక్సీయే, పోయినా ఫ్లెక్సీయే. గవర్నర్‌పేటలో ఫ్లెక్సీలు వేసే షాపుకు ఆయన ఫోన్లోనే ఆర్డరిచ్చారు. ఎలా వచ్చిందో చూద్దామని నేను వెళ్లాను. కంప్యూటర్ మీద నీలం చొక్కాలో నా కొడుకు నవ్వుతున్నాడు. చుట్టూ పావురాలు. కింద "గుండెపోటుతో ప్రభువు సన్నిధికి చేరిన" అని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. మనుషులు చేసింది మనుషుల మీద ఉంచకుండా ప్రభువు మీదకు నెట్టడమేమిటి?

"ఆ గుండెపోటు తీసెయ్యమ్మా," అన్నాను డిజైన్ చేసే పిల్లతో. ఆమె పేరు భానుశ్రీ.

"ఏం వెయ్యమంటారాంటీ?"

"డాక్టర్ చీటీ లేకుండా అమ్మిన నొప్పి మాత్రలు మింగి చనిపోయాడు, మీ పిల్లల్ని చూసుకోండి అని వెయ్యి."

ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. "అట్టా ఎవరూ వేయించరాంటీ. ఆర్డరిచ్చింది అంకుల్ కదా, ఒక్కసారి ఫోన్ చేస్తాను."

ఆయన పనిచేసే ఎలక్ట్రికల్ షాపు పక్క సందులోనే. రొప్పుకుంటూ వచ్చారు.

"నీకు మతి పోయిందా? పోయినోణ్ణి రోడ్డు మీద నిలబెట్టి మత్తుగాడని చాటింపేస్తావా?"

"వాడి ఫ్రెండ్సందరూ పూజకొస్తారండీ. వాళ్లలో ఎంతమంది మింగుతున్నారో ఎవరికి తెలుసు? గుండెపోటని చదువుకుని, పోతా పోతా ఇంకో మాత్రల షీటు కొనుక్కుంటారు."

"వాళ్లతో మనకెందుకు? మనోడు తిరిగొస్తాడా?"

"రాడు. రాడు కాబట్టే తిరుగుతున్నా. పూజ అవగానే ఆ మాత్రలమ్మిన మెడికల్ షాపు ముందు కూర్చుంటా. చీటీ లేకుండా నా బిడ్డకి ఎట్టా అమ్మాడో నలుగురిలో చెప్పిస్తా."

"మనోడికి అమ్మలేదు," అన్నారాయన.

"ఏంటి?"

"వాడు నడవలేకపోయేవాడు కదా. ఖాళీ అయిన షీటు నా చేతికిచ్చి, నాన్నా ఇవే తీసుకురా అనేవాడు. షాపులో అది చూపిస్తే ఇచ్చేవాళ్లు. మీ అమ్మకి బీపీ బిళ్లలు తెచ్చేదీ అట్టాగేగా. పాల పేకెట్టుతో పాటు తెచ్చేవాణ్ణి. వాడు నడిచాక కూడా తెచ్చా. వద్దనాలని తట్టలేదు వినీలా."

నిజమే. చీటీ నాలుగు రోజుల్లో ఎక్కడో పోతుంది, ఖాళీ షీటు మాత్రం మిగులుతుంది. దాన్ని చూపించి మందులు తెచ్చుకోని ఇల్లు ఈ ఊళ్లో ఉందా? నేనూ తెచ్చాను, నా తలనొప్పికి. కానీ ఆ క్షణాన నాకు న్యాయం తోచలేదు. షాపువాడి కోసం దాచిపెట్టుకున్న తిట్లన్నీ గొంతులోకి వచ్చాయి. ఆయన చొక్కా పట్టుకుని చెంపలు వాయించాలనిపించింది. ఆయన తప్పించుకోవాలని చూడలేదు. కొట్టు అన్నట్టే నిలబడ్డారు. ఆసుపత్రి నుంచి ఈ రోజు దాకా ఈ మనిషి అన్నం ఎలా తింటున్నాడో నేను ఒక్కసారీ చూడలేదు. నాకు ఆయన మీద జాలేసింది, ఆ జాలి మీద మళ్లీ కోపమొచ్చింది.

"ఉన్నదే ఉంచమ్మా," అన్నాను భానుశ్రీతో. "గుండెపోటనే ఉండనియ్యి."

నిజం నిజం అని ఊరంతా తిరిగిన నోరే ఆ మాట అంది.

"వద్దు, తీసెయ్," అన్నారాయన. కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చున్నారు. "రాసుకో తల్లీ. మా అబ్బాయి నొప్పి మాత్రలు ఎక్కువై చనిపోయాడు. చీటీ లేకుండా, ఖాళీ షీటు చూపించి అవి తెచ్చింది నేనే. మీరట్టా తేవద్దు. ఇట్లు, తండ్రి యేసుకుమార్."

"ఏవండీ, మీ పేరొద్దు. నలుగురూ ఉమ్మేస్తారు."

"నా పేరు లేకపోతే వాణ్ణే అంటారు వినీలా."

భానుశ్రీ చున్నీతో కళ్లు తుడుచుకుని టైపు చేసింది. చేశాక ఆయన వైపు తిరిగింది.

"మీ పేరు అడుగున చిన్నక్షరాల్లో వెయ్యనా అంకుల్?"

"వద్దమ్మా. వాడి పేరెంత పెద్దదుందో, నాదీ అంతే వెయ్యి."