గడియారాలాయన పోయాడా, ఉన్నాడా

సన్మాన సభలో విమర్శకుడు అరగంట నుంచి ఊదరగొడుతున్నాడు. "ఒకే నగరం, పదకొండు డిటెక్టివ్ నవలలు. రెండో నవలలో టీ తెచ్చిన మనిషి ఎనిమిదో దాంట్లో హంతకుడిగా తేలతాడు. ఏ సందు ఎటు తిరుగుతుందో ఇరవై ఏళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు. ఏం జ్ఞాపకశక్తండీ ఈయనది."

వెనక వరసలో కూర్చున్న ప్రూఫులు దిద్దే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. జ్ఞాపకశక్తట! నిన్న రాసిన పేరు ఇవాళ గుర్తుండదు ఆ మహానుభావుడికి. అయిదో నవలలో ఇన్‌స్పెక్టరు భార్య పేరు మధ్యలో మార్చేసి, పాపం ఆ ఇన్‌స్పెక్టరుకి లేని రెండో సంసారం అంటగట్టబోయాడు. ఎవరు ఏ వీధిలో ఉంటారు, ఎవరు ఏ నవలలో పోయారు, అన్నీ ఆవిడ నీలం అట్ట నోటుబుక్కులో ఉన్నాయి. ప్రతిసారీ "ఈసారి ముందుమాటలో మీ పేరు వేస్తానమ్మా" అనేవాడు. పదకొండు ముందుమాటలు వచ్చాయి. వాటిలో ఆయనగారి కుక్కకి కూడా చోటు దొరికింది.

ఆవిడ అడిగింది ఒక్క వాక్యం. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

రచయిత మైకు అందుకున్నాడు. భార్యకి, విమర్శకుడికి, అట్ట మీద బొమ్మ వేసినాయనకి కృతజ్ఞతలు చెప్పాడు. "మిగతాదంతా ఇదిగో, ఇక్కడుంది" అని నుదుటి మీద వేలితో తట్టుకున్నాడు. హాలంతా చప్పట్లు.

"అదేంటక్కా, నీ పేరు చెప్పలేదు?" అంది పక్కనున్న చెల్లెలు.

"చెప్పడానికి గుర్తుండొద్దూ" అందావిడ.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోను. పన్నెండో నవల చివర్లో ఆగిపోయిందట. "అమ్మా, స్టేషను వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన ఒకడుండాలే. పోయాడా, ఉన్నాడా? హంతకుణ్ణి ఆయన చేతే పట్టిద్దామనుకుంటున్నా."

ఆవిడ నోటుబుక్కు తెరిచింది. మూడో నవల, నూట పన్నెండో పేజీ. గొంతు పిసికి చంపారు, శవాన్ని కూతురు గుర్తుపట్టింది. ఆ పేజీ దిద్దిన రోజు ఆవిడ అన్నం తినలేదు. ఏ పాపమూ ఎరగని మనిషిని, కథ నడవక చంపేశాడు ఈయన. చంపిన సంగతే మర్చిపోయాడు.

నిజం చెబితే ఇంకో ముందుమాట, ఇంకో కుక్క.

"ఉన్నాడండీ" అంది. "నిక్షేపంగా ఉన్నాడు. రాసుకోండి."

"మీరు లేకపోతే ఏమైపోయేవాణ్ణో. ఈసారి ముందుమాటలో తప్పకుండా మీ పేరు..."

"వద్దులెండి. ఈ పుస్తకానికి మాత్రం వెయ్యకండి."

ఫోను పెట్టేసి, నోటుబుక్కులో 'పోయాడు' అన్న మాటని ఎర్ర పెన్నుతో కొట్టేసింది.