పావుగంట సాక్ష్యం

మందుల డబ్బా, నీళ్ల సీసా, ఉన్ని స్వెట్టరు సంచిలో సర్ది, ఎస్తేరమ్మ దువ్వెన కూడా లోపల వేసింది. మంచం అంచున కూర్చున్న మోరీన్ వెంటనే చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీసి, కిటికీ గట్టుమీద పెట్టింది.

“దారిలో గాలికి జుట్టు చెదిరితేనో?”

“చెదరనీ. బయటికి పోయేటప్పుడు అవసరమైన వస్తువొకటి ఇంట్లో వదిలి పోవాలి ఎస్తర్. అప్పుడే ఇల్లు మనల్ని వెనక్కి లాక్కుంటుంది. మా అమ్మ మిల్లుకు పోతూ రోజూ కళ్లజోడు వదిలేసి పోయేది. సాయంత్రం దాకా దారం కనపడక మేస్త్రీ చేత తిట్లు తినేది.”

మోరీన్‌కు ఎనభై దాటాయి. బెల్‌ఫాస్ట్ తూర్పు వైపున, ఎర్ర ఇటుకల వరుస ఇళ్లలో ఆమెది చివరి ఇల్లు. లినెన్ మిల్లులో కుట్టీ కుట్టీ వేళ్లు వంకర పోయాయి. తుంటి విరిగి అతికినప్పటి నుంచి ఎవరైనా లేపితే తప్ప మంచం దిగలేదు. రోజూ పొద్దున ఆమెను లేపేది ఎస్తేరమ్మే. భర్త పోయాక రేపల్లె నుంచి, ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను చూసుకునే ఈ కేరర్ పనికి వచ్చింది. ఆమె వీసా పనిలో పెట్టుకున్న కంపెనీ చేతిలో ఉంది. కంపెనీ వద్దంటే ఈ దేశం వద్దన్నట్టే.

ఒక్కో ఇంటికి కంపెనీ పావుగంట ఇస్తుంది. గుమ్మం దగ్గర ఫోన్‌లో బొత్తాం నొక్కి లోపలికి రావాలి, నొక్కి బయటికి పోవాలి. ఆ కాస్తలోనే లేపడం, తుడవడం, మందులు మింగించడం. మోరీన్ తల దువ్విన రోజులు తక్కువ. ఒక కాలికి మేజోడు తొడిగి, రెండోది ఆమె చేతిలో పెట్టి పరిగెత్తిన రోజులు ఎక్కువ.

ఇప్పుడు ఖర్చు తగ్గించాలని ఆరోగ్య శాఖ ఆ పావుగంట కూడా తీసేస్తుందట. అది పోతే మోరీన్ నర్సింగ్ హోమ్‌కు పోవాల్సిందే. స్టార్మాంట్ కొండమీది అసెంబ్లీలో ఒక కమిటీ ఈ సంగతి విచారిస్తోంది. ఆ కమిటీ డబ్బు ఇవ్వదు, ఆపదు. ఖర్చుపెట్టే శాఖవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకని అడుగుతుంది. వాళ్లకంటే ముందు, సేవ అందుకునేవాళ్ల మాట వింటామని మోరీన్‌ను పిలిచారు.

తోడుగా వెళ్లడానికి ఎస్తేరమ్మను కంపెనీ ఒప్పుకుంది. కానీ ఇవాళ ఆమె తన టైముకంటే ముందే, తెల్లవారగానే వచ్చేసింది, ఫోన్ నొక్కకుండా. ఆమెతో ఒకే గదిలో ఉండే ఎవాంజెలిన్‌దీ అదే కంపెనీ. గుమ్మం దాకా వెంటబడి చెప్పింది.

“ఆంటీ, టైమ్ కాకుండా క్లయింట్ ఇంట్లో కాలు పెట్టావని తెలిస్తే జాబ్ పీకేస్తారు. తట్టాబుట్టా సర్దుకోవడమే ఇంక.”

“పెద్దోళ్ల ముందుకి చింపిరి జుట్టుతో పంపమంటావటే? మా ఊళ్లో కూలికెళ్లేవోళ్లు గూడా ఆదివారం గుడికి గంజిపెట్టిన బట్టల్తో వస్తారు.”

మోరీన్ కూడా వద్దనే అంది. “రోజూ నన్నెలా వదిలేసి పరిగెడతావో అలాగే తీసుకుపో. ఒంటి మేజోడుతో. వాళ్ల కళ్లతో వాళ్లు చూడనీ.”

“నా చేతిమీదుగా అట్టా పంపను. నా పరువేం కావాల?”

“ఓహో, నీ పరువుకి నా వీపు రుద్దుతున్నావా? అయితే గట్టిగా రుద్దు.”

వేడినీళ్లతో ఒళ్లంతా కడిగి, గోళ్లు కత్తిరించి, జాకెట్టు ఇస్త్రీ చేసి, వెండి తీగల్లాంటి జుట్టును అలలు అలలుగా దువ్వి, మెడ కింద బ్రోచ్ పిన్ను పెట్టేసరికి వీధిలోకి ఎండ వచ్చింది.

కమిటీ గదిలో గుర్రపునాడాలాంటి బల్ల చుట్టూ సభ్యులు కూర్చున్నారు. మోరీన్ చక్రాల కుర్చీ పక్కన ఎస్తేరమ్మకు ఒక కుర్చీ వేశారు. వెనక వరుసలో శాఖ అధికారి, అతని పక్కన కంపెనీ మేనేజరు. మైకు మీద ఎర్రదీపం వెలిగింది. పావుగంటలో మేజోళ్లు కూడా పూర్తికావని మోరీన్ చెబుతోంది. సభ్యులు మాత్రం ఆ బ్రోచ్‌నీ, ఆ జుట్టునీ చూస్తున్నారు.

“మిమ్మల్ని చక్కగానే చూసుకుంటున్నట్టున్నారే,” అన్నాడొకాయన ప్రేమగా. అందరూ నవ్వారు.

ఎస్తేరమ్మ కూడా ఆ బ్రోచ్ వైపు చూసింది. తాను చేసిన పనేమిటో అప్పుడు తెలిసింది ఆమెకు.

అంతవరకు తలెత్తని ఒక సభ్యురాలు అడిగింది. “ఈ ఉదయం మీరిలా తయారవడానికి ఎంతసేపు పట్టిందండీ?”

అడగాల్సిన ప్రశ్న అదే. జవాబు ఎస్తేరమ్మ నాలుక చివరనే ఉంది. వెనక మేనేజరు కుర్చీ కిర్రుమంది. ఆ జవాబు అక్కడే అతుక్కుపోయింది. మోరీన్ తల తిప్పి ఎస్తేరమ్మ ముఖం చూసింది. ఒళ్లో నలుగుతున్న ఆమె చేతులు చూసింది. మళ్లీ మైకు వైపు తిరిగింది.

“పావుగంట. మా ఎస్తర్ చెయ్యి మహా చురుకు.”

సభ్యురాలు కలం మూసింది. తర్వాత అధికారి వచ్చి, “పావుగంటలో అన్నీ అవుతున్నాయని ఇప్పుడే విన్నాం గదా,” అంటూ మొదలుపెట్టాడు.

“ఎందుకన్నావమ్మా ఆ మాట?” టాక్సీలో ఏడుస్తూ అడిగింది ఎస్తేరమ్మ.

“నిన్ను పంపించేస్తే నా వీపు ఎవరు రుద్దుతారు? ఏడవకు. నేను గ్రాండ్, నాకేం కాలేదు. అంతా నీ పరువు చేసిన పని.” నవ్వుతూనే అంది మోరీన్. ఆ తర్వాత ఇల్లు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

కమిటీ నివేదిక వెలువడింది. శాఖను చాలా ప్రశ్నలు అడిగింది. రాతపూర్వకంగా జవాబిస్తామని శాఖ చెప్పింది. ఆ జవాబు రాకముందే పొద్దుటి పావుగంట ఆగిపోయింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం నర్సింగ్ హోమ్ బండి వచ్చింది. సెలవు పెట్టి వచ్చిన ఎస్తేరమ్మ అదే సంచి సర్దింది. చివర్లో దువ్వెన చేతిలోకి తీసుకుంది.

“దాన్ని అక్కడే ఉండనీ,” అంది మోరీన్.

ఫిబ్రవరిలో వెళ్లిన మోరీన్ మళ్లీ ఆ ఇంటికి రాలేదు. నాలుగు తెల్ల వెంట్రుకలు చిక్కుకున్న దువ్వెన కిటికీ గట్టుమీదే ఉంది.