గుగ్గిలంలో మాట

పొద్దున్నే వాకిలి ఊడ్చి, సద్దిడబ్బా సర్దుకుని, స్నేహలత తన అత్త బక్కమ్మ వెనకాలే కిషన్ రావు కార్ఖానాకు పోయేది. వరంగల్ బ్యాండువాళ్లు భుజాన వేసుకుని ఊదే పెద్ద ఇత్తడి బాకాలు అక్కడ తయారవుతాయి. రేకును చుట్టి, అతుకు వేసి, సుత్తితో సాగగొట్టి గొట్టం చేస్తారు. ఉత్త గొట్టాన్ని వంచితే నొక్కుకుపోతుంది. అందుకని కరిగించిన గుగ్గిలం నింపి, గట్టిపడ్డాక వంచుతారు. ఆ తర్వాత వేడి చేస్తే గుగ్గిలం కారిపోతుంది.

నింపేటప్పుడు ఎవరూ నోరు విప్పరు. విప్పితే ఆ మాట గుగ్గిలంలో చిక్కుకుని, కరిగించినప్పుడు బయటికొస్తుంది. మాట పడ్డ గొట్టం ఇక స్వరం పలకదు, తుక్కులో వేయాల్సిందే. సుత్తిపని చేసే వినయ్ ఓసారి "చాయ్ రాలే?" అన్న పాపానికి మంచి గొట్టమొకటి అట్లాగే పోయింది.

నింపడం బక్కమ్మ పని. ఆమె చేతిలో ఒక్క గొట్టమూ చెడలేదు. ఇంట్లోనూ ఆమెకు మాటలు తక్కువ. కొడుకు, స్నేహలత పెనిమిటి, చనిపోయాక మరీ తగ్గాయి.

ములుగు దారిలో జీపు నడిపే మహిపాల్, స్నేహలతను చేసుకుంటానని పెద్దమనుషులతో అడిగించాడు. ఆమెకూ ఇష్టమే. అత్త మాత్రం ఔననలేదు, కాదనలేదు. అది కోపమే అనుకుంది స్నేహలత. ముసలిదాన్ని ఏడిపించి కట్టుకునే సంసారం తనకొద్దు, సాయంత్రం మహిపాల్‌కు ఆ మాటే చెప్పేద్దామనుకుంది.

ఆ మధ్యాహ్నం ఆమె వంపు గొట్టాన్ని కొలిమి మీద తిప్పుతుంటే గుగ్గిలం కారసాగింది. దానితోపాటే బక్కమ్మ గొంతు.

"పో బిడ్డా. వాడు మంచోడు. నాతోటి నువ్వు సుత ముసల్దానివి గాకు. నా ఫికర్ జేయకు."

సుత్తులు ఆగాయి. కిషన్ రావు తల పట్టుకున్నాడు. "ఏందక్కా, నువ్వు సుత గిట్ల జేస్తివి?"

"నోరు జారింది," అంది బక్కమ్మ తలెత్తకుండా.

ఆమె నోరు జారే మనిషి కాదని స్నేహలతకు తెలుసు. మంచి మాటను మనసులోనే దాచుకోవడం ఎదుటివాళ్ల సొత్తు దాచుకోవడమే. ముఖం చూసి ఇవ్వడానికి గుండె చాలక, బక్కమ్మ దాన్ని ఇట్లా ఇచ్చేసింది. స్నేహలత సాయంత్రం మహిపాల్‌కు సరేనంది. గొట్టాన్ని మాత్రం తుక్కులో వేయనివ్వలేదు.

పెళ్లయి జీపెక్కినప్పుడు అది ఆమె ఒళ్లోనే ఉంది. బక్కమ్మ దగ్గరికొచ్చి దాన్ని కొంగుతో తుడిచింది.

"సొట్ట వడకుండ వట్టుకో," అంది.

జీపు కదిలేదాకా గొట్టం మీంచి చెయ్యి తీయలేదు.