ప్లాస్మా అంచు, ఆయుధపూజ

బందరు కాలేజీ ఫిజిక్సు డిపార్టుమెంటులో పెద్ద లెక్కలు చెయ్యగల కంప్యూటర్ ఒక్కటే ఉండేది. దాన్ని కాలవ నీళ్లలాగే వంతులవారీగా వాడుకునేవారు. ఒక వారం ఝాన్సీలక్ష్మి, ఒక వారం రాజీవ్. ఆమె గూడూరు రైతుబిడ్డ, పదహారేళ్లుగా అక్కడ పాఠాలు చెబుతోంది. అతను అవనిగడ్డ నుంచి రోజూ బస్సులో వస్తాడు. ఒకప్పుడు ఆమె దగ్గరే చదువుకున్నాడు. ఇప్పుడు తనూ లెక్చరరై పక్క కుర్చీలో కూర్చుని, "మేడమ్, ఈ కొత్త రీసెర్చి పేపర్ చూశారా?" అని అడుగుతాడు. చూడలేదని ఒప్పుకోవడం ఆమెకు ప్రాణం పోయినంత పనయ్యేది.

ఇద్దరి లెక్కా ఒక్కదాని మీదే. సూర్యుడిలోలాగా పరమాణువుల్ని కలిపి శక్తి పుట్టించే పని భూమ్మీద చెయ్యాలంటే హైడ్రోజన్‌ని కోట్ల డిగ్రీలకి కాచి ప్లాస్మాగా, అంటే విద్యుత్తు నిండిన వాయువుగా మార్చి, పాత్ర గోడకి తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచాలి. తంటా అంతా అంచు దగ్గరే. అక్కడ ప్లాస్మా సుడులు తిరుగుతూ లోపలి వేడిని ముద్దలు ముద్దలుగా గోడ మీదికి విసిరేస్తుంది. అంచున పక్కపక్క పొరల్ని వేర్వేరు వేగాలతో పారిస్తే ఆ సుడులు చీలిపోతాయని ఝాన్సీలక్ష్మి నమ్మకం. రాజీవ్‌ది వేరే దారి.

2001 దసరాకి ముందు గుజరాత్‌లోని ఒక పరిశోధన కేంద్రం ఏడాది పనికి ఒక లెక్చరర్ని తీసుకుంటానంది. ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. దసరా సెలవుల్లో వచ్చే మొదటి సోమవారానికి ఫలితాల గ్రాఫు ఫ్యాక్స్ చెయ్యాలి. నలభై నిండినవాళ్లని తీసుకోరు. ఝాన్సీలక్ష్మికి జనవరిలో నిండుతాయి.

ఆమె వంతులో కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది, లెక్క సగంలో చచ్చింది. మళ్లీ మొదటినుంచి నడపాలంటే తర్వాతి వారం వంతు రాజీవ్‌ది. అడగడానికి ఆమెకి నోరు రాలేదు. ఆ వారమంతా అతనితో మాట్లాడనేలేదు. అతను గుజరాత్ వెళ్లి, అక్కడినుంచి "మేడమ్ ఆశీస్సులు" అంటూ ఫోన్ చేస్తాడని తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

సెలవులకి ముందు రోజు, శుక్రవారం, కాలేజీలో ఆయుధపూజ. అటెండరు రత్తయ్య పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పళ్లెంలో పెట్టుకుని ఝాన్సీలక్ష్మి వెంట కంప్యూటర్ గదిలోకి వచ్చాడు. మానిటర్ ఆపేసి ఉంది కానీ కింద పెట్టెలో లైటు మిణుకుమంటోంది.

"ఇది ఆడతా ఉందండీ. రాజీవ్ గారు ఇంకా రాలేదు. ఇట్టాగే బొట్టు పెట్టెయ్యమంటారా?"

దేవుడి పటానికి దణ్ణం పెట్టడానిక్కూడా బద్ధకించే ఝాన్సీలక్ష్మికి ఆ క్షణాన ఎక్కడలేని భక్తీ ముంచుకొచ్చింది.

"తప్పు రత్తయ్యా. ఇవాళ పనిముట్లకి విశ్రాంతి కదా. ఆపెయ్."

"ఆయనేమన్నా అంటారేమోనండీ."

"నేను చెప్తాలే."

రత్తయ్య ఇంకా నసుగుతుంటే ఆమే వంగి స్విచ్చి నొక్కింది. లైటు ఆరిపోయింది. ఎన్నాళ్లకో ఆమెకి గుండె హాయిగా అనిపించింది. పులిహోర రెండుసార్లు పెట్టించుకుంది.

బస్సు ఆలస్యమై రాజీవ్ పదకొండింటికి వచ్చాడు. బొట్టు పెట్టిన కంప్యూటర్ని చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరాపారండీ?"

"నేనే. పూజ కదా."

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆ మొహం చూడటానికే ఆమె పొద్దుటినుంచీ ఎదురుచూసింది.

"అది మీదే మేడమ్," అన్నాడు. "నా లెక్క మొన్న సోమవారమే పాడైపోయిందండీ, అంకెలన్నీ అదుపు లేకుండా పెరిగి పేలిపోయినయ్. మిషను ఖాళీగా ఎందుకని మీ లెక్కే మొదటినుంచి ఎక్కించాను. ఫలితం వచ్చాక చెబుదామనుకున్నా. మీరేమో మాట్లాడటం లేదు కదా. నిన్న సాయంత్రం చూశానండీ, మీరన్నట్టే సుడులు చీలిపోతున్నయ్. గోడకి పోయే వేడి సగానికి సగం పడిపోయింది. రేపటికి అయిపోయేది."

సోమవారానికి ఇక ఏ లెక్కా పూర్తికాదు.

"నాదనుకున్నారా?" అతను మెల్లగా అడిగాడు.

అవునని తలూపింది.

రాజీవ్ జేబుగుడ్డతో స్విచ్చి మీది కుంకుమ తుడిచాడు. తిడితే బాగుండునని ఆమె కోరుకుంది.

"వాళ్లు మళ్లీ వచ్చే ఏడు పిలుస్తారటండీ," అన్నాడు. "అప్పటికి మీకు వీలవదు కదా. మీరు ఒప్పుకుంటే నేను మీ పద్ధతే నడిపి పంపుకుంటాను. మీ పేరు కూడా వేస్తానండీ."

ఎత్తిపొడవాలని అన్న మాట కాదది. నిజంగానే అనుమతి అడుగుతున్నాడు.

"పంపుకో," అంది ఝాన్సీలక్ష్మి. తన లెక్క గుజరాత్ వెళ్తుంది, అతన్ని వెంటబెట్టుకుని. ఆ ఏడాది పని తనకి ఎలాగూ రాదని తెలిసినా, అతను అంత మర్యాదగా అడగకుండా ఉంటే బాగుండునని, అడిగినా తను కుదరదని ఉంటే ఇంకా బాగుండునని ఆమె లోలోపల కుళ్లుకుంది.