తొమ్మిది తాటిచెట్లు, ఒక ఉపన్యాసం

కల్లు తాగడానికి నోరుంటే చాలని లోకమంతా అనుకుంటుంది. చదువు కూడా కావాలంటాడు తాటిచెట్లు గీసి కల్లు దించే నాగయ్య. అతని దగ్గర మొదటి రేక తాగేటప్పుడు బీడీ కాల్చకూడదు, పక్కవాడితో ముచ్చట పెట్టకూడదు. తాటాకు రేకలో పోసిన కల్లును ముందు వాసన చూడాలి, ఆ తర్వాత నాలుక మీద కాసేపు ఆపుకోవాలి. మొదటి రేకతోనే ఉడకబెట్టిన శనగ గుడాలు నమిలాడని హనుమంతుకు రెండు రోజులు కల్లు పోయలేదు మహానుభావుడు. హనుమంతు అలిగి జమ్మికుంట రోడ్డు మీది దుకాణంలో మందు కలిపిన కల్లుకు మరిగాడు. అతని వెనకే ఇంకో పదిమంది పోయారు.

"అమ్మేది కల్లు, చెప్పేది పురాణం" అని నాగయ్య భార్య యాదవ్వ మొగుడి మొహం మీదే అనేది. చెట్టుకో పేరు పెట్టాడాయె. చివర వగరు తగిలే కల్లు ఇచ్చేది పంతులు. ఒకరోజు పారి ఒకరోజు మానేది అలుగుడు పిల్ల.

ఆ తొమ్మిది చెట్లూ ఊరి దొర రాజేశ్వర్‌రావు పొలం గట్టున ఉన్నాయి. ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఆయనకు కొత్త ఆలోచన పుట్టింది. నీడ పడి పత్తి ఎదగడం లేదు కనుక చెట్లు కొట్టించి ఇటుక బట్టీకి ఇచ్చేద్దామనుకున్నాడు. యాభై దాటిన నాగయ్యకు గీత తప్ప ఇంకో పని రాదు. చెట్లు పోతే మొగుడూ పెళ్లాలిద్దరూ రోడ్డున పడ్డట్టే. యాదవ్వ దొరసాని నిర్మలాదేవి కాళ్లావేళ్లా పడింది. దొర ఒక్కసారి ఆ కల్లు రుచి చూసి, అప్పుడు కొట్టించుకోవచ్చని బతిమాలింది. సీసా మందు తప్ప ముట్టని రావు, భార్య పోరు పడలేక సరేనన్నాడు.

"కల్లు పొయ్యి, దండం పెట్టు, ఊకో" అని యాదవ్వ మొగుడికి ముందురోజే నూరిపోసింది.

వింటేనా! రావు పొద్దున ఏడింటికి వచ్చి చెట్ల కింద కుర్చీలో కూర్చున్నాడు. నాగయ్య తొమ్మిది చెట్ల కల్లు కుండలు, ఆ లొట్లన్నీ దించి వరసగా పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఇది పంతులు దొరా. మొదలు చెరుకు లెక్క తగుల్తది. నడుమల వాన పడ్డ మన్ను. ఆఖరుకు జర అత్తగారింటి యాది."

రావు రేక పట్టుకుని చేతులు చాపాడు.

"ఆగుండ్రి దొరా. ముంగట అలుగుడు పిల్ల సంగతి చెప్పాలె."

ఆ సంగతి తెమలడానికి గంట పట్టింది. ఏ చెట్టు వేరు ఎటు పాకింది, ఏ గాలికి ఎంత గీయాలి, వాళ్ల తాత ఏమన్నాడు, అన్నీ చెప్పాడు. ఎండ ఎక్కింది. లొట్ల మీద నురగ పొంగింది. పులుపు వాసన ముక్కుకు తగలగానే యాదవ్వ మొగుడికి సైగలు చేసింది, అతను చూడనేలేదు. తొమ్మిదో చెట్టు చరిత్ర ముగిసేసరికి పదకొండు. రావు ఒక గుక్క నోట్లో పోసుకుని, తుపుక్కున ఉమ్మేశాడు.

"గిదేంది నాగయ్యా, చింతపులుసు లెక్కున్నది!"

నాగయ్య తనూ చుక్క నాలుకకు అంటించుకున్నాడు. మొహం నల్లబడింది. ఊరందరికీ రుచి నేర్పినవాడు తన కల్లును తానే పులియబెట్టుకున్నాడు. యాదవ్వకు చంపేయాలన్నంత కోపం వచ్చింది. అతను పులిసిన లొట్లను ఒక్కొక్కటే వాసన చూస్తుండడం చూసి, ఆ కోపం ఏడుపైపోయింది.

"తప్పు మాదే దొరా" అంది. "గీయన మాటలు తాపిండు గని కల్లు తాపలే. రేపు పొద్దుగాల ఒక్కసారి రాండ్రి, నేను పోస్త. గీయన నోరు తెరిస్తే చెట్లు కొట్టేటోళ్లను నేనే తోలుకొస్త."

రావుకు నవ్వొచ్చింది. "ఊకుంటడా గీయన? చూద్దాం. గొడ్డండ్లు పట్టుకొనే వస్తరు వాళ్లు."

మర్నాడు తెల్లవారుతుండగా నాగయ్య చెట్టు దిగి, లొట్టిని పెళ్లాం చేతికిచ్చి పెదవులు బిగించుకున్నాడు. ఆమె పోసింది. రావు తాగాడు. ఇంకోసారి పోయమన్నట్టు రేక చాపాడు. నాగయ్య గొంతు కదిలేసరికి యాదవ్వ అతని చెయ్యి గట్టిగా గిల్లింది.

"చెరుకే" అన్నాడు రావు నెమ్మదిగా. "కాదు... ఎనక ఇంకేదో ఉన్నది. ముంజల వాసన." గొడ్డళ్లు పట్టుకుని నిలబడ్డ ఇద్దరినీ పిలిచాడు. "అవి అవతల పెట్టి మీరూ తాగుండ్రి. అట్ల గబగబ మింగొద్దు, జర నాలిక మీద ఆపుండ్రి! గిసొంటి చెట్లను బట్టీల పెడుదునా? పత్తి నాలుగు సాళ్లు ఇవతలికి ఏసుకుంట."

ఆ ఇద్దరూ బుద్ధిగా నాలుక మీద ఆపుకున్నారు. రావు ముంజల గురించి చెబుతూనే ఉన్నాడు. నాగయ్య కళ్లు నిండాయి. యాదవ్వ అతనికీ ఒక రేక నింపి ఇచ్చింది. అతను వాసన చూడలేదు, నాలుక మీద ఆపలేదు. గటగటా తాగేశాడు.

"ఎట్లున్నదయ్యా? ఇగ చెప్పు" అంది యాదవ్వ.

నాగయ్య మూతి తుడుచుకున్నాడు.

"కల్లు లెక్కున్నదే."