ఐదో కుప్ప

పందొమ్మిదేళ్లు రొయ్యలు ఒలిచాను. ఒక్కటి కూడా నోట్లో పెట్టలేదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మాననీ, నాకేం పోయింది?

షెడ్డులో చేరిన మొదటిరోజు పొద్దున్నుంచి తలలు విరిచి, నల్ల పేగులు లాగి, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచేసరికి నా వేళ్ల వాసనకే కడుపులో దేవింది. ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను. తర్వాత ఇంట్లో మా అత్తగారికి ఉడికించి పెట్టాను, మా ఆయనకు వేపి పెట్టాను. ఉప్పు సరిపోయిందో లేదో వాళ్లే చెప్పేవాళ్లు.

నోటికి తెలియకపోయినా చేతులకు అన్నీ తెలుసు. టైగర్ రొయ్యకు పెంకు మందం, విరిస్తే చిటుక్కుమంటుంది. మంచినీటి రొయ్యకు తలే సగం ఒళ్లు. గోధుమ రొయ్య ఒంటిమీద సన్నటి నూగు ఉంటుంది. సముద్రపు తెల్లరొయ్య, చెరువు తెల్లరొయ్య చూడటానికి అక్కచెల్లెళ్లే గానీ, తలమీద ముల్లు చూస్తే గుట్టు బయటపడుతుంది. సముద్రపుదానికి ఆ ముల్లు కళ్లు దాటి ముందుకు పొడుచుకొస్తుంది. చెరువుదానికి కురచ.

చివరికి ఆ చేతులే మొరాయించాయి. ఐసులో నాని నాని వేళ్ల చివర్లు తెల్లబడి, స్పర్శ పోవడం మొదలైంది. డాక్టరమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, "ఇంకో ఏడాది ఐసులో చేతులు పెట్టావంటే జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేవు" అంది. ఆ చీటీ చూపిస్తే షెడ్డు మేస్త్రీ, "నెలాఖరుదాకా ఉండు, ఆ తర్వాత నీ చోట ఇంకొకరిని కూర్చోబెడతాను" అన్నాడు. పందొమ్మిదేళ్ల చాకిరీకి ఒక ముక్కలో చెల్లుచీటీ రాసిచ్చాడు.

ఇంట్లో ఖాళీగా కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. అందుకే పెద్ద హోటలు వెనక గుమ్మానికి అంటించిన కాగితం కనబడగానే ఆగి రెండుసార్లు చదివాను. పొద్దున్నే లారీ దగ్గర నిలబడి, వచ్చిన రొయ్య ఏదో చూసి, రుచి చూసి దించుకునే మనిషి కావాలట. ఐసు పని లేదు. పరీక్ష మాత్రం ఉంది. కళ్లకు గంతలు కట్టి, ఒలిచి ఉడికించిన ఐదు రకాల ముక్కలు ఐదు ప్లేట్లలో పెడతారు. ఏది ఏ రొయ్యో చెప్పాలి. గడువు ఎనిమిది రోజులు.

ఆ సాయంత్రం మా అత్తగారి ముందు కూర్చుని, "అత్తయ్యా, నాకు రొయ్యలు తినడం నేర్పండి" అన్నాను.

ఆవిడకు డెబ్బై దాటాయి. పళ్లు సగమే మిగిలాయి గానీ, రొయ్య కనబడితే మిగతా సగం ఎక్కడినుంచో వచ్చేస్తాయి. నన్ను ఎగాదిగా చూసింది.

"ఇన్నేళ్లూ నా కంచం వంక చూసి ముక్కు మూసుకున్నదానివి, ఇప్పుడేమొచ్చిందే?"

"ఉద్యోగం వచ్చేలా ఉంది."

"అదీ సంగతి. రా, ఇట్లా కూర్చో."

మొదటి రోజు ముక్క నోట్లో పెట్టుకుని, నమలకుండానే సింకు దగ్గరికి పరుగెత్తాను. రెండో రోజూ అంతే. ఆవిడ కడుపుబ్బ నవ్వింది. మూడో రోజు నాకు ఒళ్లు మండింది. ఒక ముక్కకు నేను లొంగిపోవడమేమిటని పళ్లు బిగించి నమిలాను. మింగాను. నిలిచింది.

అక్కణ్ణుంచి అసలు పాఠం మొదలైంది. మా అత్తగారు రొయ్యను చేత్తో పట్టి పోల్చలేదు, ఆవిడకు అన్నీ ఒకటే మీసాలు. కానీ నోట్లో పడితే చాలు, జాతకం చెబుతుంది.

"గుటుక్కున మింగెయ్యకు. బుగ్గన పెట్టుకో. టైగరయితే పంటికి ఎదురు తిరుగుతుంది. మీ ఆయనకు అందుకే అదంటే ఇష్టం, కరకరా వేపుకు తింటాడు. గోధుమది చిన్నదే గానీ వాసన ఘాటు. పైవాటావాళ్లు చూడు, పెంకుతోసహా నిప్పులమీద కాల్చుకుని నిమ్మకాయ పిండుకుంటారు. మంచినీటిది మెత్తగా, తియ్యగా ఉంటుంది. దాన్ని ఎక్కువ ఉడికించినవాళ్లను జైల్లో పెట్టాలి."

"మరి తెల్లరొయ్యలు?"

"చెరువుది మొదట తియ్యగా ఉండి, మింగగానే మాయమైపోతుంది. సముద్రపుది మింగినాక కూడా నాలుక మొదట్లో కాస్త ఉప్పగా కూర్చుని ఉంటుంది. ఆ కూర్చోవడం కోసం చూడు."

మంచినీటి రొయ్య తలను మాత్రం ఆవిడ ఎవరికీ ఇచ్చేది కాదు. రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, లోపలి కొవ్వంతా జుర్రుకునేది. అది చూస్తే నాకు మళ్లీ దేవేది. "తల జోలికి నేను రాను, పరీక్షలో తలలు పెట్టరు" అని ముందే చెప్పేశాను.

ఆరో రోజు ఆవిడ రెండు గిన్నెలు నా ముందు పెట్టింది. కళ్లు మూసుకుని రెండూ తిన్నాను. బాగా ఆలోచించి, మొదటిది చెరువుది, రెండోది సముద్రపుది అన్నాను. నాలుక మొదట్లో ఉప్పగా తగిలిందని కూడా చెప్పాను.

"రెండూ చెరువువేనే" అని ఆవిడ మోకాళ్లు చరుచుకుని నవ్వింది. "లేని ఉప్పు ఎక్కణ్ణుంచి తెచ్చావ్?"

నాకు తల కొట్టేసినంత పనయింది. మర్నాడంతా ఆవిడతో మాట్లాడలేదు. కోపం ఆవిడమీద కాదని నాకూ తెలుసు. రెండు గిన్నెలు పెట్టారు కదా, రెండు పేర్లు చెప్పాలనుకున్నాను. నాలుక చెప్పింది వినకుండా, ఎదుటివాళ్లు ఏం వినాలనుకుంటారో అది చెప్పాను. ఆ తప్పు ఇంకోసారి చెయ్యకూడదని గట్టిగా అనుకున్నాను.

పరీక్షకు నాతోపాటు ఇద్దరు మగవాళ్లు వచ్చారు, ఇస్త్రీ మడత నలగని చొక్కాల్లో. హోటలు వంటపెద్ద పొడుగాటి మనిషి, తెల్ల కోటు, ఎప్పుడూ ఏదో మాడిపోతున్నట్టు ముఖం. ఈ మధ్య తినేవాళ్లు సముద్రపు రొయ్యలో రుచి లేదంటున్నారని, అందుకే ఈ ఉద్యోగం పెట్టామని చెప్పాడు. లోపం వంటలో ఉందా, సరుకులో ఉందా అన్నది ఆయనకే తేలడం లేదట.

ముందు వాళ్లిద్దరూ లోపలికి వెళ్లి వచ్చారు. ఐదింటికీ ఐదు పేర్లు చెప్పామని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

నా వంతు వచ్చింది. కళ్లకు తువ్వాలు కట్టారు. మొదటి ముక్క పంటికి ఎదురు తిరిగింది, టైగర్ అన్నాను. రెండోది మెత్తగా, తియ్యగా ఉంది, మంచినీటిది. మూడోది మింగగానే మాయమైంది, చెరువు తెల్లరొయ్య. నాలుగోది ఘాటు, గోధుమది. ఐదో ముక్క బుగ్గన పెట్టుకుని, నమిలి, మింగి ఆగాను. నాలుక మొదట్లో ఉప్పు కూర్చోవాలి. కూర్చోలేదు. ఇంకో ముక్క అడిగాను. అదీ మాయమైపోయింది.

మిగిలిన పేరు ఒక్కటే, సముద్రపు తెల్లరొయ్య. ఆ రెండు మాటలూ అనేస్తే ఉద్యోగం. నెలాఖరు ఎంతో దూరం లేదు.

"ఐదోది కూడా చెరువు తెల్లరొయ్యే. మూడు, ఐదు ఒక్కటే" అన్నాను.

వంటపెద్ద తువ్వాలు విప్పేశాడు. "తప్పమ్మా. అన్నీ చెప్పి చివర్లో పోగొట్టుకున్నారు. ఐదు రకాలు నేనే దగ్గరుండి ఉడికించాను. ఐదోది సముద్రపుది."

"ఆ మాట మీకు ఎవరు చెప్పారండీ?"

"పెట్టె మీద రాసుంది. ఏళ్ల తరబడి ఒక్కరే సరఫరా చేస్తున్నారు."

"పెట్టె మీదిది నేను తినలేదు సార్, ప్లేట్లోది తిన్నాను."

ఆయన ముఖం కందగడ్డ అయింది. గుమ్మంలో నిలబడ్డ ఇద్దరిలో ఒకరు కిసుక్కుమన్నారు. నా చోట ఇంకెవరయినా ఉంటే నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారేమో. నేను కదల్లేదు. ఈ నోరు ఎనిమిది రోజులదే, దాన్ని నమ్మమని అడగలేను. చేతులు పందొమ్మిదేళ్లవి.

"ఈ పూట విరిచిన తలలు ఎక్కడ పడేశారు?"

"చెత్త డబ్బాలో. ఎందుకు?"

"ఆ డబ్బా ఇట్లా తెప్పించండి. ఐదు రకాలు ఉడికించారు కాబట్టి ఐదు రకాల తలలు ఉండాలి. ఐదు కుప్పలయితే నా అంతట నేనే వెళ్లిపోతాను."

డబ్బా వచ్చింది. స్టీలు బల్ల మీద బోర్లించాను. తడిసి, చల్లగా, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయిన తలలు. చేతులు పెట్టగానే వేళ్ల చివర్లు తెల్లబడ్డాయి. స్పర్శ తెలియడం లేదు. అయినా ఆగలేదు. కళ్లున్నాయి కదా. నల్ల చారలవి ఒక పక్కకు. పెద్ద తల, పొడుగు చేతులవి ఒక పక్కకు. నూగున్నవి ఇంకో పక్కకు. ముల్లు కురచవి నా ముందుకు. వంటింట్లో గరిటెల చప్పుడు ఆగిపోయింది. ఒక్కొక్కరే వచ్చి బల్ల చుట్టూ మూగారు.

చివరి తల కూడా పెట్టేశాను. నాలుగు కుప్పలయ్యాయి. నా ముందున్నది మిగతావాటికి రెట్టింపు ఉంది. దాని పక్కన, ఐదో కుప్ప ఉండాల్సిన చోట, నున్నటి స్టీలు మెరుస్తోంది.

"ముల్లు కళ్లు దాటిన తల ఒక్కటి వెతికి చూపించండి సార్. ఒక్కటి చాలు."

ఆయన వంగాడు. పెద్ద కుప్పలోంచి ఒక తల తీశాడు, పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. పదో పన్నెండో తీశాక నడుం నిటారు చేసి నిలబడ్డాడు. తర్వాత మూడో ప్లేట్లోంచి ఒక ముక్క, ఐదో ప్లేట్లోంచి ఒక ముక్క తీసుకుని, మా అత్తగారిలాగే కళ్లు మూసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"వండేవాళ్లను తిట్టాను" అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్లూ వాళ్లనే తిట్టాను."

ఆయన నా వేళ్ల వంక చూసి, పొయ్యి దగ్గరున్న పొడి గుడ్డ అందించాడు. "రేపు పొద్దున ఐదింటికి లారీ వస్తుంది. మీరు దించుకోమంటేనే దించుకుంటాం. వస్తారా?"

"నాలుగున్నరకే వస్తాను" అన్నాను.

ఇంటికి వెళ్లేసరికి మా అత్తగారు కంచం ముందు కూర్చుని ఉంది. మంచినీటి రొయ్యలు తెప్పించి తనే ఉడికించింది. జరిగిందంతా విని, నవ్వలేదు, మెచ్చుకోలేదు. తన కంచంలోంచి ఒక పెద్ద తల తీసి నా కంచంలో పెట్టింది. ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ దక్కనిది.

దాని వంక చూశాను. రెండు చేతులా పట్టుకున్నాను. వేళ్లకు ఇంకా స్పర్శ పూర్తిగా రాలేదు గానీ, వెచ్చదనం తెలిసింది. కళ్లు మూసుకుని జుర్రాను.

"ఎట్లా ఉందే?" అంది ఆవిడ, తన నోట్లో ముక్క నమలడం ఆపి.

"మాటలు తర్వాత చెబుతాను అత్తయ్యా, ముందు ఆ రెండోది కూడా ఇటు పెట్టండి."